మా అన్నయ్యను మీటింగు గది దాకా చేర్చిన గుంటూరు వాళ్లకు

పేర్లు రాయకుండా థ్యాంక్స్ చెప్పడం ఇబ్బందిగానే ఉంది. కానీ ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) వాళ్ల పద్ధతే అది, ఎవరి పేరూ ఫోటో బయట పెట్టరు, కాబట్టి ఎవరికి చెబుతున్నానో వాళ్లకు తెలిసేలా రాస్తాను. అన్నయ్యను అడిగే రాస్తున్నాను, "నా పేరు తప్ప ఏమైనా రాసుకో" అన్నాడు.

అన్నయ్య మిర్చి యార్డులో గుమాస్తా. సీజన్‌లో లెక్కలన్నీ ముగిశాక సాయంత్రం ఒక క్వార్టర్‌తో మొదలైంది, తర్వాత సీజన్‌తో పని లేదు, సాయంత్రంతోనూ పని లేదు. ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాడు, ఆ 41 రోజులూ చుక్క ముట్టడు, అది చూసి మా అమ్మ "వాడికి మానడం తెలియక కాదు, మొండితనం" అనేది. మాల తీసిన రాత్రి సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. పోయినేడు మాల వేసుకున్న రెండో రోజే చేతులు వణికిపోయి హారతి పళ్లెం పట్టుకోలేకపోయాడు, కర్పూరం చాప మీద పడింది. పరిగెత్తుకుంటూ ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌కు తీసుకెళ్లాం.

మొదటి నమస్కారం అక్కడ మానసిక వైద్య విభాగం ఓపీలో ఉన్న డాక్టరమ్మకు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చనీ, ఆ తర్వాత మతి తప్పి లేనివి కనిపించి ప్రాణం మీదికి రావచ్చనీ, అందుకే ఇంట్లో కూర్చోబెట్టి ఆపించకుండా ఆస్పత్రిలో బి1 విటమిన్, మందులు ఇస్తూ ఆపించాలనీ ఆవిడ చెప్పేదాకా మాలో ఒక్కరికీ తెలియదు. వదిన బ్యాగులో ఒక పొడి పొట్లం ఉంది, "వారికి తెలియకుండానే మందు మాన్పిస్తాం" అని గోడల మీద రాస్తారే, ఆ బాపతు. ఇలాంటి వాటిలో డైసల్ఫిరామ్ కలిపి ఉండొచ్చమ్మా, అది కడుపులో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, మనిషి పోయినా పోతాడు, ఆ మందు మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు ఇవ్వాల్సిందే గాని కూరలో కలిపేది కాదు అన్నారు. కోప్పడలేదు. వదిన ఆ పొట్లాన్ని అక్కడే చెత్తబుట్టలో పడేసింది. అంతకుముందు ఒక ప్రైవేటు సెంటర్ వాళ్లు మూడు నెలల డబ్బు ముందే కట్టండి, మేమే వచ్చి పట్టుకెళ్తాం అన్నారు. మనిషిని పట్టుకెళ్లడమేంటో!

డిశ్చార్జి రోజు అక్కడి కౌన్సెలర్ తమ్ముడు ఓపీ చీటీ వెనకాల ఏఏ వాళ్ల ఫోన్ నంబరు రాసిచ్చాడు. నేను నెట్‌లో వెతికి పట్టుకున్న అడ్రసులో ఇప్పుడు టైలర్ షాపు ఉంది, ఆ చీటీ లేకపోతే మేము అక్కడే ఆగిపోయేవాళ్లం.

ఆ నంబరు ఎత్తిన పెద్దాయనా, మీకు. నేను కథంతా మొదలుపెడితే "అమ్మా, మీరు చెప్పింది చాలు, ఆయనకివ్వండి" అన్నారు చూశారా, నాకు కాస్త చివుక్కుమంది, తర్వాత అన్నయ్య ఫోన్ పట్టుకుని మేడ మీదికెళ్లి చాలాసేపటికి దిగొచ్చాక అర్థమైంది. మేము ఇన్నేళ్లూ వాడి గురించి మాట్లాడాం గాని వాడితో కాదు. మీటింగు జరిగేది చర్చి ఆవరణలో అనగానే అమ్మకు టెన్షన్, మాల వేసుకునే పిల్లాడు, మతం మార్చేస్తారేమోనని. గది అద్దెకు తీసుకున్నదేననీ, ఏఏకు ఏ మతంతోనూ సంబంధం లేదనీ, ఎవరి దేవుడు వాళ్లకేననీ మీరు అమ్మకు కూడా ఓపిగ్గా చెప్పారు. ఆ గేటుకు బోర్డు లేదు, మీరు స్కూటర్ వేసుకుని ముందే వచ్చి నిలబడకపోతే మా వాడు అటునుంచి అటే వెళ్లిపోయేవాడు. ఆ రోజు క్లోజ్డ్ మీటింగు, తాగుడు మానాలనుకునే వాళ్లకే, కాబట్టి నేను బయట వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాను.

తిరిగొచ్చేటప్పుడు అన్నయ్య చెప్పిన ముక్క ఒకటే. 1935లో అమెరికాలో దీన్ని మొదలుపెట్టిన ఇద్దరూ తాగుబోతులేనట, ఒకాయన షేర్ల వ్యాపారి, ఇంకొకాయన డాక్టరు. "డాక్టరుకే తప్పలేదే!" అని నవ్వాడు. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు విని.

డబ్బు ఎంత అని అడిగితే ఫీజు లేదన్నారు. పోనీ విరాళం ఇస్తానంటే బయటివాళ్ల దగ్గర తీసుకోం అన్నారు, సభ్యులే తోచింది సంచీలో వేస్తారట. అందుకే ఈ పోస్టు, ఇంకేం ఇవ్వను మీకు? ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే ఉందని కూడా మీరే చెప్పారు, వదిన ఇప్పుడు ఫోన్‌లో ఆ మీటింగు వింటోంది, వంట పని ఆపేసి మరీ.

గుంటూరు, విజయవాడ వైపు ఎవరికైనా కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, ఆ నంబరు ఇస్తాను, పేరు అడగను. ఎవరూ దొరక్కపోతే 14446 ఉంది, టోల్ ఫ్రీ, మత్తు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్రం పెట్టిన హెల్ప్‌లైన్. మనసు బాగోకపోతే 14416, అది రాత్రీ పగలూ పనిచేస్తుంది.

చివరగా ఆటో తమ్ముడికి. ఆ రోజు దారిలో అన్నయ్య "ఒక్క నిమిషం వైన్స్ దగ్గర ఆపు" అంటే "ముందు నీ పని చూసుకుని రా అన్నా, అది ఎక్కడికీ పోదు" అని ఆపకుండా పోనిచ్చావు, మీటింగు అయ్యేదాకా గేటు బయటే ఉన్నావు, వెయిటింగ్ చార్జీ తీసుకోకుండా వెళ్లిపోయావు. బ్రాడీపేటలో ఎక్కడ కనిపించినా ఆగు, నీ బాకీ అలాగే ఉంది.