కుట్టుమిషనుకు కొబ్బరినూనె

సీతాఫల్‌మండి,
హైదరాబాదు.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి సుభద్రను ఆశీర్వదించి నాన్న వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. చలి మొదలయ్యాక మీ అమ్మకు మోకాలి నొప్పి కొంచెం ఎక్కువైంది కానీ, ఆ సంగతి నీకు వ్రాయవద్దని ఆమే అంది కనుక వ్రాయడం లేదు.

నీ దగ్గరనుంచి ఫోను వచ్చి ఇరవై రెండు రోజులైంది. లెక్కపెట్టింది నేను కాదు. పాల లెక్క వేసే క్యాలెండరు మీద మీ అమ్మ పెన్సిలుతో చుక్కలు పెడుతూ ఉంటే కంటపడింది. "వచ్చే నెల క్విల్టింగ్ రిట్రీట్‌కు వెళ్తున్నాను, తర్వాత మాట్లాడతాను" అని నువ్వు పంపిన ఆ రెండు ముక్కలు చూసి మొదట అదేదో ఆశ్రమం కాబోలనుకున్నాను. రమ విడమరిచి చెప్పాక తెలిసింది, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా పదిహేనుమందో ఇరవైమందో ఎవరి మిషను వారు మోసుకువచ్చి, ఒక పెద్ద గదిలో చేరి ఎవరి బొంత వారు కుట్టుకుంటారని. పాఠాలు చెప్పేవారు ఉండరట, వంట బాధ్యత లేదట, అర్ధరాత్రి దాటినా మిషన్లు ఆడుతూనే ఉంటాయట. సగంలో ఆగిపోయిన పనులను వాళ్లు యూఎఫ్ఓలు అంటారట, చాలామంది వాటిని పూర్తి చేయడానికే వెళ్తారట. ఆ లెక్కన మీ అమ్మ బీరువా పై అర నిండా యూఎఫ్ఓలే.

మొదటిసారి వెళ్తున్నావు కనుక నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుదామని కూర్చున్నాను. ఈ ఉత్తరానికి వేరే కారణం ఏమీ లేదు. మురళి మొన్న దీపావళికి వచ్చినప్పుడు అన్న మాటకూ దీనికీ సంబంధం లేదు. వాడు చిన్నప్పటి నుంచీ సగం విని మొత్తం చెప్పే రకం.

బాబిన్లకు దారం ఇంట్లోనే చుట్టుకుని వెళ్లు, కనీసం పది. అక్కడ పని ఊపు మీద ఉన్నప్పుడు కింది దారం అయిపోతే చిరాకు పుడుతుంది. సూది కొత్తది వెయ్యి, 14వ నంబరు చాలు. ఎనిమిది గంటలు కుట్టాక, విరగకపోయినా సరే, మార్చెయ్యి. మొన మొద్దుబారితే కంటికి కనిపించదు, చెవికి వినిపిస్తుంది: గుడ్డలో దిగేటప్పుడు టప్ టప్ మని చప్పుడు వస్తుంది. ఇక గుడ్డ అంచుకూ కుట్టుకూ మధ్య దూరం పావు అంగుళమంటే కచ్చితంగా పావు అంగుళమే ఉండాలి. అతుకు అతుక్కీ, రెండు ముక్కలూ కలిపి, అంగుళంలో ఎనిమిదో వంతు గుడ్డ ఎక్కువ లోపలికి పోయిందనుకో, పన్నెండు ముక్కల వరసలో పదకొండు అతుకులు కనుక చివరికి వరస అంగుళంపావుకు పైనే పొట్టిదవుతుంది. పక్క వరసతో కలపబోయినప్పుడు గాని ఆ సంగతి బయటపడదు, అప్పటికి విప్పుకోవడం తప్ప దారి ఉండదు. చిన్న తేడా అని ఊరుకుని, ఎవరికీ చెప్పకుండా ముందుకు కుట్టుకుంటూ పోవడం నీకు అలవాటు. నేను చెప్పేది గుడ్డ గురించే.

నూనె గురించి కూడా చెప్పాలి. మిషను నూనె తప్ప మరొకటి వేయకూడదన్న సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు.

1985 జనవరి. నువ్వు ఇంకా పుట్టలేదు. మీ అమ్మ వారాసిగూడలో మహిళామండలి వాళ్ల కుట్టు తరగతిలో చేరతానని ఉన్నట్టుండి పట్టుపట్టింది. ఇప్పుడెందుకు అని అడిగితే, ఊరికే, కాలక్షేపానికి అంది. మీ అమ్మమ్మ ఇచ్చిన చేతిమిషను అటక మీదనుంచి దించి, తిరగడం బిగువుగా ఉంది, నూనె తెచ్చి వెయ్యండి అని నాకు అప్పగించింది. అంతకు ముందు ఫ్యాక్టరీ నుంచి చిన్న సీసాలో నూనె తెచ్చేవాడిని. అప్పటికి ఫ్యాక్టరీ గేటు మూతపడి నెల దాటింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. రోజూ ఎనిమిదింటికి క్యారియరు పట్టుకుని బయలుదేరి, ఇందిరా పార్కులో ఒక చింతచెట్టు కింద కూర్చుని, అక్కడే తిని, కుళాయి దగ్గర గిన్నెలు కడిగి, సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరేవాడిని. నూనె సీసా కొనడానికి చెయ్యి రాలేదు. వంటింట్లో కొబ్బరినూనె ఉంది, నూనె నూనే కదా అని, ఆమె గుడికి వెళ్లిన సమయం చూసి అన్ని రంధ్రాల్లోనూ పోశాను. మిషను వెన్నలా తిరిగింది.

ఎండవేళ పోశాను కనుక తిరిగింది. మరునాడు పొద్దున మంచు. ఇరవై నాలుగు డిగ్రీలకు దిగువన కొబ్బరినూనె గడ్డకడుతుందని స్నానాలగదిలో ప్రతి చలికాలమూ చూస్తూనే ఉన్నా, మిషనులో కూడా అంతే అవుతుందని ఫిట్టరునై ఉండి నాకు తోచలేదు. మీ అమ్మ దాన్ని రిక్షాలో పెట్టుకుని వెళ్లింది. ముప్పైమంది ఆడవాళ్ల మధ్య మూత తీసి పిడి తిప్పబోతే చక్రం కదలలేదు. గట్టిగా తిప్పితే సూది విరిగింది. అదే రిక్షాలో తిరిగి వచ్చేసింది. ఆ రాత్రి నేను దాన్ని పూర్తిగా విప్పి, కిరసనాయిలుతో కడిగి, తెల్లవారేసరికి మళ్లీ బిగించాను. ఆమె పక్కనే కూర్చుని లాంతరు పట్టుకుంది గాని ఒక్క మాట మాట్లాడలేదు. పదకొండు రోజులు అలాగే గడిచాయి. పన్నెండో రోజు బట్టలు ఆరేస్తూ, నా వైపు చూడకుండా, "నెలన్నరగా మీ చొక్కాలకు మరక లేదు. ఉతికేదాన్ని నేను కానా?" అంది. అప్పుడు అర్థమైంది, ఆ కుట్టు తరగతి ఎందుకో. అప్పటికే వీధి చివర కొట్టువాడితో లంగాలకు, దిండు గలీబులకు మాట్లాడుకుని ఉంది. నువ్వు పుట్టాక పడుకోబెట్టిన బొంత ఆ లంగాల కత్తిరింపు ముక్కలతో కుట్టిందే. దాని మూల ఒకచోట కుట్టు వంకరగా ఉంటుంది చూశావా, అది నేను కుట్టినది.

ఇదంతా నూనె సంగతి చెప్పడానికే వ్రాశాను.

అమెరికాలో మీరుండే లింకన్ ఊళ్లో బొంతలకే ప్రత్యేకంగా ఒక మ్యూజియం ఉందని, 1997లో ఒక దంపతులు తాము సేకరించిన సుమారు 950 బొంతలు విశ్వవిద్యాలయానికి ఇవ్వడంతో అది మొదలైందని చదివాను. అక్కడ ఇన్నాళ్లుగా ఉంటూ నువ్వు ఒక్కసారైనా దాని మాట ఎత్తలేదు. ఈ మధ్య తీరిక దొరికిందా? దొరికితే ఎందువల్ల దొరికింది? అడగకూడదనుకున్నాను.

మీ అమ్మ రమ చేతికి పాత చీరలు మూడు ఇచ్చింది, వారంలో చేరతాయి. నాయనమ్మ నారాయణపేట ఎర్రచీరను నేరుగా కత్తిరించకు. తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడు, రంగు దిగితే ఉతికి ఆరేశాకే పని మొదలుపెట్టు. మడతల వెంట పోగు నలిగిపోయి ఉంటుంది, ఆ చోటు వదిలెయ్యి. మిషను బరువు నువ్వొక్కదానివే మోయకు. అల్లుడుగారిని కారు దాకా పెట్టమను. ఆయన కులాసాయే కదా? కుర్చీకి ఒక మెత్త, మెడ మీద భారం పడకుండా ఒక చిన్న దీపం, ఎక్స్‌టెన్షన్ తీగ పట్టుకెళ్లు. గంటకొకసారి లేచి నాలుగడుగులు వెయ్యి. అందరి పనీ నీకంటే బాగున్నట్టు కనిపిస్తుంది, వాళ్లు ఇరవై ఏళ్లుగా కుడుతున్నారు.

మీకు శనివారం రాత్రి తొమ్మిదైతే మాకు ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర. ఆ వేళకు నేను బయటికి వెళ్లను.

ఆశీస్సులతో,
మీ నాన్న.

తా.క.: మీ అమ్మ ఇది చదివి, కొబ్బరినూనె గురించి ఇంత వ్రాసి అసలు సంగతి వదిలేశారని కోప్పడింది. ఉద్యోగం ఉందా పోయిందా అని సూటిగా అడగమంటోంది. నేను అడగను. ఎక్స్‌టెన్షన్ తీగ మాత్రం పొడుగుది తీసుకో.