రేకుల షెడ్లలో ఏడాది బిడ్డకు మధ్యాహ్నం ఎవరు తినిపించాలి?

కర్ణాటక మహిళా, శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. బెంగళూరులో కడుతున్న భవనాల పక్కన రేకుల షెడ్లలో పెరిగే పసిపిల్లల తిండి, ఎదుగుదల చూసుకునే పనిలో ఉన్న తెలుగువాళ్ళం ఈ లేఖ రాస్తున్నాం. కన్నడ ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాం. పాలమూరు, కర్నూలు, అనంతపురం నుంచి వచ్చి సర్జాపుర, వైట్‌ఫీల్డ్ వైపు పనిచేస్తున్న తల్లులూ మేస్త్రీలూ చదివించుకుని వినాలని తెలుగులోనూ రాశాం.

అడిగేది ఒక్కటే. ఆరు నెలలు నిండి మూడేళ్ళు దాటని పిల్లలకు పగలు తినిపించే మనిషినీ, అందుకు తగిన చోటునూ షెడ్ల దగ్గరే ఏర్పాటు చేయండి.

మూడేళ్ళు దాటినవాళ్ళకు అంగన్‌వాడీలో వేడి భోజనం ఉంది. అంతకన్నా చిన్నవాళ్ళకు సరుకు ఇంటికిస్తారు. రోజుకు 500 కిలో క్యాలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది నిబంధన. కాగితం మీద లెక్క బాగానే ఉంది. కానీ తల్లి పొద్దున్నే పనిలోకి వెళ్ళి చీకటిపడేవేళకు తిరిగొస్తుంది. అంతసేపూ బిడ్డ ఏడెనిమిదేళ్ళ అక్క చంకలోనే. తొమ్మిది నెలల బిడ్డకు తల్లిపాలు కాక రోజుకు మూడు నాలుగుసార్లు, పూటకు 125 మిల్లీలీటర్ల గిన్నెడు మెత్తని గట్టి తిండి కావాలి. ఏడాది దాటితే ఇంకా ఎక్కువ. బుజ్జగించి, నోట్లో పెట్టి, మింగేదాకా ఆగి తినిపించేసరికి అరగంట పడుతుంది. పాపం, ఆ అక్క చేతిలో ఉండేది బిస్కెట్ పొట్లం.

రాగి జావ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోంది. సీసా పీకలోంచి దిగాలని జావను నీళ్ళలా కాస్తారు. పసిబిడ్డ కడుపులో పట్టేది కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు. అంటే ఏడు కిలోల బిడ్డకు 200 దాటితే నిండిపోయినట్టే. కడుపు నిండుతుంది, ఒంటికి మాత్రం పట్టదు. పీక సరిగా కడగకపోతే విరేచనాలు సరేసరి. చెంచా వంచినా వెంటనే జారిపోనంత చిక్కగా ఉండాలి జావ. మొలకెత్తించి ఆరబెట్టిన రాగుల పిండి వాడితే, పిండి ఎక్కువ వేసినా బిడ్డ మింగలేనంత గట్టిపడదు. అయితే ఆ గింజల్ని మాడేలా వేయిస్తే ఆ గుణం పోతుంది. ఒక చెంచా నూనె కలిపితే 45 కిలో క్యాలరీలు అదనం. మెత్తగా మెదిపిన పప్పో, ఉడికిన గుడ్డో తోడవ్వాలి. సీసా మానేసి ఉగ్గుగిన్నె, చెంచా వాడాలి. ఇవన్నీ తల్లులకు చెబితే తెలియనివి కావు. చేసేందుకు పగలు మనిషి లేదు, అంతే.

భాష అడ్డమంటారు కొందరు అధికారులు. ఈ ఊళ్ళో తెలుగు అర్థంకాని అంగన్‌వాడీ కార్యకర్తను వెతకడమే కష్టం! అడ్డం నమోదు దగ్గర ఉంది. బిడ్డ పేరు పోషణ్ ట్రాకర్‌లో (అంగన్‌వాడీ పిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ యాప్) సొంతూరి అంగన్‌వాడీ కేంద్రం కింద ఉంటుంది, నమోదైన ఫోను అవ్వ దగ్గర ఉంటుంది. పేరును ఇక్కడి కేంద్రానికి మార్చుకునే వీలున్నా ఆ పని నడిపించేవాళ్ళు లేరు. పేరు మారేదాకా తూకం, సరుకు ఆపవద్దని ఉత్తర్వు ఇవ్వండి. తూకపు యంత్రం లేనిచోట జబ్బ కొలిచే టేపు చాలు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపమే. చేయి వదులుగా వేలాడాలి, టేపు బిగిస్తే కొలత తప్పుతుంది. తిండి ముట్టకపోయినా, రెండు పాదాలూ వాచినా ఆ రోజే ఆసుపత్రికి పంపాలి.

ఇక చట్టం. మహిళా కార్మికులు 50 మంది దాటినచోట శిశుసంరక్షణ గది ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. 2020 నాటి కార్మిక భద్రతా సంహిత ఆడామగా తేడా లేకుండా 50 మంది కార్మికులు దాటితే చాలంది, నియమాల పని ప్రభుత్వాలకు వదిలింది. పని నలుగురు సబ్ కాంట్రాక్టర్ల మధ్య ముక్కలైతే ఎవరి లెక్కా 50 దాటదు. కాబట్టి కాంట్రాక్టరు వారీగా కాక సైటు మొత్తాన్ని కలిపి లెక్కించేలా కార్మిక శాఖతో మాట్లాడి నియమం రాయించండి. ఖర్చుకు నిర్మాణ వ్యయంలో కార్మికుల సంక్షేమం కోసం వసూలుచేసే ఒక శాతం సెస్సు ఉండనే ఉంది. పల్లెల్లో ఉపాధి హామీ కూలీల పిల్లలకు మీ ప్రభుత్వం తెరిచిన కూసిన మనె (పసిపిల్లల్ని పగలు చూసుకునే కేంద్రం) పద్ధతినే షెడ్ల దగ్గరకూ తెండి.

గది ఉత్త రేకులది కాకూడదు, ఎండాకాలంలో పిల్లలు తట్టుకోలేరు. సంపుకీ లిఫ్టు గుంతకీ దూరంగా ఉండాలి, సంపుకి తాళం వేసే మూత తప్పనిసరి. మూడేళ్ళలోపు పిల్లలు ఐదుగురికి ఒక ఆయా కావాలి. పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా తెరిచి ఉంచాలి. తల్లి మధ్యలో వచ్చి పాలిచ్చి వెళ్ళేంత దగ్గరగా ఉండాలి, ఆ విరామానికి కూలి కోయకూడదు. స్లాబు పని అయ్యాక షెడ్లు ఇంకో సైటుకు మారతాయి గనుక తూకాలు, టీకాలు రాసిన కార్డు తల్లి చేతికే ఇవ్వాలి, కొత్త సైటుకు దగ్గరి కేంద్రానికి ముందుగా ఫోను చేసి చెప్పాలి.

ఇట్లు,
బెంగళూరు షెడ్లలో పిల్లల పోషణ పనిలో ఉన్న తెలుగువాళ్ళం