నువ్వు రాసిన దాని గురించి

ఒరేయ్,

నీ ఉత్తరం చదవగానే ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ ఫోన్లో నువ్వు "ఏం లేదులేరా, బాగానే ఉన్నా" అని మాట మార్చేస్తావు. అందుకే రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, తీరిగ్గా చదువు.

పాత ఉద్యోగం వదిలి ఎక్కువ జీతానికి కొత్త ఆఫీసులో చేరినా సంతోషంగా లేనని, తిరిగి వెళ్ళిపోదామా అనిపిస్తోందని రాశావు. "డబ్బుకి ఆశపడి వచ్చేశాను" అని కూడా అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు. ఇంటి లోను, పిల్లల చదువు, అమ్మ మందులు, అన్నీ నీ ఒక్క జీతం మీదే నడుస్తున్నాయి. ఏళ్ళ తరబడి నామమాత్రపు ఇంక్రిమెంటు ఇచ్చే చోట ఎన్నాళ్ళని ఉంటావు? దాన్ని ఆశ అనరు. డబ్బుతో సంతోషం రాదనే మాటలో కూడా పూర్తి నిజం లేదు. ఆదాయం ఒక స్థాయి దాటాక రోజువారీ సంతోషం పెరగదని డేనియల్ కానమన్, ఆంగస్ డీటన్ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో రాశారు. కాదు, పెరుగుతూనే ఉంటుందని 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ అనే ఇంకో పరిశోధకుడు చూపించాడు. 2023లో కానమన్, కిల్లింగ్స్‌వర్త్ కలిసి కూర్చుని ఆ లెక్కలు మళ్ళీ చూశారు. చాలామందికి పెరుగుతూనే ఉంటుందని, బాగా దిగులులో ఉన్న కొద్దిమందికి మాత్రం ఒక స్థాయి దగ్గర ఆగిపోతుందని తేలింది. అది చదివినప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు. "ఇంత జీతం వస్తున్నా ఎందుకిలా ఉన్నాను" అని అడుగుతున్నావు కదా. జీతం తీర్చే బాధలు వేరు, నీ బాధ వేరు.

పాత ఆఫీసులో హాయిగా ఉండేదన్నావు. పని తక్కువ కాబట్టి హాయి అని నువ్వు అనుకుంటున్నట్టున్నావు. నేను ఒప్పుకోను. సంవత్సరాంతం లెక్కలప్పుడు నువ్వు ఎంత రాత్రయ్యాక ఇంటికి చేరేవాడివో నాకు తెలుసు. అప్పుడు కూడా ఒక్క రోజు విసుక్కోలేదు. ఎందుకంటే ఏ పని ముందు, ఏది తర్వాత అనేది నువ్వే చూసుకునేవాడివి. "ఇది ఇవాళ అవదు సార్, రేపిస్తాను" అంటే మీ మేనేజరు సరేననేవాడు. ఏ సమస్యకు ఎవరి దగ్గరికి వెళ్ళాలో, ఎవరికి ఏ మాట ఎలా చెప్పాలో నీకు కొట్టినపిండి. ఆఫర్ లెటర్లో ఇవేవీ రాసి ఉండవు కాబట్టి, వదులుకునేటప్పుడు లెక్కలోకి రాలేదు.

ఇప్పుడేమో పొద్దున మీటింగ్, సాయంత్రం రిపోర్ట్, మధ్యలో మెసేజ్‌కి జవాబు కాస్త ఆలస్యమైతే "అప్‌డేట్ ఏంటి?" అని ఇంకో మెసేజ్. రాబర్ట్ కారాసెక్ అనే పరిశోధకుడు 1979లోనే దీని గురించి రాశాడు. పని బరువు ఒక్కటే మనిషిని అంతగా నలిపేయదు, ఆ బరువు మీద మన చేతిలో నిర్ణయం లేనప్పుడే మనసు దెబ్బతింటుందని ఆయన చెప్పింది. నీ ఉత్తరం నిండా ఉన్నది అదేరా.

అయితే అందులో ఇంకో బాధ కూడా కలిసిపోయింది. భోజనానికి పిలిచేవాళ్ళు లేరని, కొత్త సాఫ్ట్‌వేర్ అంతుపట్టడం లేదని, చిన్న సందేహం అడగాలన్నా మొహమాటంగా ఉందని రాశావు. అది కొత్త వల్ల, నెలలు గడిచేకొద్దీ పోతుంది. పాత ఆఫీసులో చేరిన కొత్తలో కూడా "ఇక్కడ ఇమడలేనురా" అని రోజూ నాతో అనేవాడివి. ఈ రెండో బాధ చూసి రాజీనామా రాయకు. మొదటిదాని సంగతే, అంటే పని మీద నీ చేతిలో నిర్ణయం లేకపోవడం సంగతే తేల్చుకోవాలి. దానికి నాకు తోచిన దారి ఒకటుంది. మీ టీమ్‌లో రెండు మూడేళ్ళుగా ఉన్నవాళ్ళని గమనించు. సెలవు రోజు వాళ్ళు ఫోన్ పక్కన పెట్టగలుగుతున్నారా? మేనేజరుకి "కాదు" అని చెప్పగలుగుతున్నారా? నీకు ముందు ఆ సీట్లో ఎవరున్నారు, ఎందుకెళ్ళిపోయారు? పాతవాళ్ళు కూడా నీలాగే బిక్కుబిక్కుమంటూ ఉంటే, ఎన్నాళ్ళున్నా అది మారదు.

ఇంకో లెక్క కూడా వేసి చూడు. ప్రయాణం, రాత్రి కాల్స్, ఆదివారం పని అన్నీ కలిపి, చేతికొచ్చే జీతాన్ని ఆ గంటలతో భాగించు. పనితీరుని బట్టి ఇస్తామనే వేరియబుల్ పే వదిలెయ్, అది వచ్చినప్పుడు చూద్దాం. పాత ఉద్యోగానికీ అలాగే వెయ్యి. నువ్వనుకున్నంత తేడా మిగలకపోవచ్చు.

తిరిగి వెళ్ళాలంటే సిగ్గుగా ఉందన్నావు. ఎందుకు సిగ్గు? పని తెలిసినవాడు తిరిగొస్తే వాళ్ళకీ లాభమే, కొత్తగా నేర్పించనక్కర్లేదు. మీ పాత మేనేజరుకి ఒకసారి ఫోన్ చేసి యోగక్షేమాలు మాట్లాడు, ఖాళీ ఉందో లేదో అదే తెలుస్తుంది. కానీ ఇక్కడ రాజీనామా ఇచ్చాక కాదు, ముందే. వెళ్ళేట్టయితే జీతం, హోదా మాట్లాడుకునే వెళ్ళు. లేకపోతే ఏ కోపంతో బయటికొచ్చావో ఆ కోపం ఏడాదిలో మళ్ళీ వస్తుంది. ఇంక్రిమెంటు లెటర్ చేతికొచ్చిన రోజు నువ్వెంత కుమిలిపోయావో నువ్వు మర్చిపోయావేమో, నేను మర్చిపోలేదు. గిలోవిచ్, మెడ్వెక్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 1994లో ఒక సంగతి గమనించారు. దగ్గరి రోజుల్లో మనుషులు చేసిన పనికి ఎక్కువ బాధపడతారట, ఏళ్ళు గడిచి వెనక్కి చూసుకుంటే చేయని పనులే బాధిస్తాయట. నువ్వు అక్కడే ఉండిపోయి ఉంటే కొన్నేళ్ళకి నాకు వేరే ఉత్తరం రాసేవాడివి, ఆ మాట మటుకు నేను నమ్మకంగా చెప్పగలను.

నాకు అన్నిటికంటే భయం వేసింది తెల్లవారుజామున మెలకువ వచ్చేసి మళ్ళీ నిద్ర పట్టడం లేదన్న ముక్కకి. రెజ్యూమెలో బాగుండదని ఏడాది పూర్తయ్యేదాకా ఓర్చుకోవాలని పెట్టుకోకు. నిద్ర ఇలాగే ఉంటే డాక్టర్ని కలువు, వేరేచోట వెతకడం మొదలుపెట్టు. చెల్లెమ్మకి కూడా చెప్పు. నువ్వు సంతోషంగా ఉన్నావనుకుని ఆవిడ ముందుముందు ఖర్చులకి ప్లాన్ వేసుకుంటూ ఉంటుంది, పాపం ఆవిడకేం తెలుసు?

అన్నట్టు, కారు లోను సంగతి. దయచేసి ఇప్పుడే తీసుకోకు. ఇల్లు పాత జీతంతోనే నడుపు, పెరిగిన డబ్బుతో పాత అప్పు తీర్చు, మిగిలితే దాచు. కొత్త ఈఎమ్ఐ ఒకటి నెత్తిన పడిందంటే, తక్కువ జీతానికి వెళ్ళాలనిపించినా వెళ్ళలేవు. ఇంకో ఆరునెలలకి ఇప్పటి మేనేజరు మారిపోయి నీకు అక్కడే బాగుందనుకో, అప్పుడు కొనుక్కో.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. "బాగానే ఉన్నా" అనకుండా మాట్లాడు.

నీ
నేస్తం