మొనాకో తొలి అమెరికన్ కోడలు ఆలిస్ హైన్

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మొనాకో రాజకుటుంబం గురించి వచ్చిన వ్యాసంలో, ఆ ఇంటికి కోడలిగా వెళ్లిన మొదటి అమెరికన్ హాలీవుడ్ నటి గ్రేస్ కెల్లీ అని రాశారు. అది సరికాదు. 1956లో జరిగిన ఆ పెళ్లికి 67 ఏళ్ల ముందే, 1889లో, న్యూ ఆర్లియన్స్‌లో పుట్టిన ఆలిస్ హైన్ మొనాకో పాలకుడు మొదటి ఆల్బర్ట్‌ను వివాహమాడారు. అక్కడ పాలకుడి బిరుదే ప్రిన్స్ కాబట్టి, మన లెక్కలో ఆమె యువరాణి కాదు, రాణి.

ఆలిస్ తండ్రి మిషెల్ హైన్ బ్యాంకరు. జర్మన్ కవి హైన్రిష్ హైనె వారికి బంధువు. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో కుటుంబం ఫ్రాన్స్‌కు చేరింది. ఆలిస్‌కు 17 ఏళ్లకే రిషెల్యూ డ్యూక్‌తో పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, 22 ఏళ్లకే భర్త పోయారు.

ఆమె ప్రస్తావన వచ్చినప్పుడల్లా పుట్టింటి నుంచి తెచ్చిన సొమ్ము గురించీ, ఒపెరా హాలులో ఆల్బర్ట్ అందరి ఎదుటా ఆమెపై చేయి చేసుకున్నారన్న కథ గురించీ రాసి వదిలేయడం నాకు బాధ కలిగిస్తోంది. జూదశాల పేరుతోనే లోకానికి తెలిసిన ఆ చిన్న రాజ్యంలో సంగీతానికీ నాటకానికీ చోటు దక్కాలని పట్టుబట్టిన మనిషి ఆమె. ఫ్రెంచ్ స్వరకర్త బెర్లియోజ్ కచేరీ కోసం రాసిన ఒక పెద్ద కృతిని, అక్కడి ఒపెరా నిర్వాహకుడు రౌల్ గన్స్‌బర్గ్ 1893లో మొనాకోలోని మాంటీకార్లోలో ఒపెరాగా రంగస్థలం ఎక్కించింది ఆమె కాలంలోనే.

ఆల్బర్ట్ సముద్ర పరిశోధకుడు. తన ఓడలకు ఆమె పేరు పెట్టుకున్నారు. 1901లో రిషె, పోర్టియె అనే శాస్త్రవేత్తలు ‘ప్రిన్సెస్ ఆలిస్’ ఓడ మీదే, నీటిపై నీలి తిత్తిలా తేలుతూ, కిందికి వేలాడే పోగులు తగిలితే ఒళ్లు మంటలెత్తించే ఒక సముద్రజీవి విషంపై పని మొదలుపెట్టారు. ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీని, అంటే అనాఫిలాక్సిస్‌ను వైద్యలోకం గుర్తించింది ఆ దారిలోనే. రిషెకు 1913లో నోబెల్ బహుమతి తెచ్చిందీ ఆ పనే.

ఆ దంపతులు 1902లో విడిపోయారు గానీ విడాకులు తీసుకోలేదు. ఆలిస్ 1925లో పారిస్‌లో మరణించారు. అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గర సముద్రగర్భంలోని ఒక మెట్టకు నేటికీ ఆమె పేరే ఉంది.

వచ్చే ఆదివారం సంచికలో సవరణ వేస్తూ, ఆమె గురించి కనీసం నాలుగు వాక్యాలు రాయవలసిందిగా మనవి.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు