కట్టెల మోపుకైతే కేసు, ఏటీవీకైతే దారి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా ఉదయగిరి కొండల్లో ఈ మధ్య శని ఆదివారాలు వచ్చాయంటే ఏటీవీల మోత ఎక్కువైపోయింది, అవేనండీ బీచ్‌ల కాడ పిల్లకాయల్ని ఎక్కించుకొని తిప్పుతుంటారే, లావు టైర్లు, బైక్ హ్యాండిలు ఉండే నాలుగు చక్రాల బండ్లు. వాటిని మినీ లారీలో ఏసుకొచ్చి దించి గొడ్లు మేకలు పోయే బాటల్లో తోలుతున్నారు. ఎవరిచ్చారయ్యా పర్మిషన్ అంటే ఒకాయన టూరిజం అంటాడు, ఇంకొకాయన ఫారెస్టోళ్లకి తెలుసులే అంటాడు. పోనీ కంప్లయింటు రాద్దామంటే ఆ బండ్లకి నంబర్ ప్లేటే లేదు, ఏ బండని రాయాలి?

నాకు అర్థం కానిది ఒకటే. అది రిజర్వ్ ఫారెస్ట్. ఎర్రచందనం ఉండే అడవి కాబట్టి ఆడ నిఘా కూడా ఎక్కువే. మా వైపు కొయ్య స్పూన్లు చేసి బతికే ఆడోళ్లు ఉండారు, ఉదయగిరి స్పూన్లంటే రాష్ట్రమంతా తెలుసు, వాళ్లు నాలుగు కొయ్య ముక్కల కోసం కొండెక్కాలంటే ఎవరన్నా పట్టుకుంటారేమోనని బిక్కుబిక్కుమంటా పోతారు. కట్టెల మోపు నెత్తిన పెట్టుకొని దిగే ముసలామెని ఆపి ఎక్కడ కొట్టావ్ అని అడుగుతారు. మూడు క్వింటాళ్ల బరువుండే బండి పెట్రోలు పోసుకొని లోపలికి పోతే మాత్రం అడిగే నాథుడు లేడు. ఇంకోటి, ఇవాళ సరదాకి వీళ్లు తొక్కి వెడల్పు చేసిన బాట రేపు దుంగలు దించుకునేవాడికి తయారుగా ఉన్న రోడ్డు, ఈ మాత్రం ఆఫీసర్లకి తట్టలేదంటే నమ్మలేకుండా ఉండాను.

టైర్లలో గాలి చాలా తక్కువ ఉంటది, నేలకేం కాదు అని తోలేవాళ్లు చెప్తారు. కొంత నిజమే, చదునైన చోట నిదానంగా పోతే కారు కంటే తక్కువే నొక్కుద్ది. కానీ నిదానంగా పోవడానికా వీళ్లొచ్చేది? ఈ బండ్లలో చాలావాటికి వెనక రెండు చక్రాలు ఒకే ఇరుసు మీద కలిసి తిరుగుతాయి, మలుపులో లోపలి చక్రం జారి మట్టిని గీరేస్తది, ఎగువకి ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ ఒత్తితే గాడి పడద్ది. మన జిల్లాకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అది తుపానుతో వస్తే ఒక్క రాత్రిలో కుమ్మేస్తది, ఆ గాడి కాస్తా కాలవైపోతది, కొండమీది మట్టంతా దిగి మా చెరువుల్లో చేరద్ది. చెరువు పూడిక తీయడానికి మళ్లీ బిల్లులు పెట్టేది మన డబ్బుతోనే.

ఎండాకాలం అయితే ఇంకా భయం. బోదగడ్డి నిలువునా ఎండిపోయి ఉంటది, బండి కింద సైలెన్సర్ కాడ ఆ గడ్డి ఇరుక్కుంటే అంటుకోవడానికి ఎంతసేపు? ఆడంతా ముళ్లకంపలే కదా, ఏముంది పాడవడానికి అనేవాళ్లు కూడా ఉండారు. లోకంలో లేదనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ దొరికింది కడప జిల్లాలో ఇట్టాంటి ముళ్లకంపల్లోనే. నేల మీద గుడ్లు పెట్టే పిట్టలకి ఈ చక్రాల సంగతి ఏం తెలుసు పాపం.

తోలేవాళ్ల గురించి కూడా ఒక మాట. ఒక్కరు కూర్చునే బండి మీద ముగ్గురు, ముందర ఒక చిన్న బిడ్డ, ఎవరికీ హెల్మెట్ లేదు. ఏటవాలు మీద అది పక్కకి తిరగబడితే బండంతా మనిషి మీదే పడద్ది. పెద్ద సైజు బండ్లు 16 ఏళ్ల లోపు పిల్లలు తోలకూడదని తయారుచేసిన కంపెనీలే బండి మీద స్టిక్కర్ అంటించి అమ్ముతాయి, ఆ స్టిక్కర్ చదివేదెవరు మన కాడ.

అట్టని మొత్తం బంద్ చేయమని నేను అనడం లేదు, కుర్రోళ్లకి సరదా ఉంటది, ఊళ్లో నలుగురికి నాలుగు డబ్బులూ వస్తాయి. అమెరికాలో ఈ బండ్లు మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆడ కూడా ఇష్టమొచ్చినట్టు తోలి కొండలు పాడుచేశాకే 2005లో వాళ్ల ఫారెస్ట్ సర్వీస్ రూల్ పెట్టింది, మ్యాప్‌లో గీసిన దారిలో తప్ప ఇంకెక్కడా బండి పోకూడదు అని, అంటే రాయని దారంతా మూసినట్టే లెక్క. వెస్ట్ వర్జీనియాలో అయితే బొగ్గు కంపెనీల, కలప కంపెనీల భూముల్లో వీటికోసమే ట్రైల్స్ వేసి డబ్బులు కట్టించుకొని పర్మిట్ ఇస్తారు, హెల్మెట్ లేకపోతే తోలనివ్వరు. మనకి కూడా సైదాపురం వైపు మైకా తవ్వి వదిలేసిన నేలలు లేవా? లోతు గుంతలకి గట్టి కంచె కట్టి ఆడ ఒక ట్రాక్ వేసి, బండికి నంబర్ ఇచ్చి టికెట్ పెట్టండి, ఎవరొద్దన్నారు? పచ్చగా ఉన్న కొండని వదిలేసి ఎట్టాగూ తవ్వేసిన నేల మీద ఆడుకోమంటున్నాం, అంతే.

అది తేలేదాకా అటవీశాఖ అధికారి డీఎఫ్ఓ గారు ఒక పని చేయించొచ్చు, పెద్ద ఖర్చు కూడా కాదు. ఏటీవీ వెడల్పు నాలుగడుగులు దగ్గర్లో ఉంటది. బాట మొదట్లో మూడడుగుల సందు పెట్టి రెండు రాతి కూసాలు పాతిస్తే మనిషి పోతాడు, మేక పోద్ది, ఆవు పోద్ది, ఆ బండి పట్టదు. ఈ వానలు మొదలయ్యే లోపలే పాతించండి సార్.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా