క్లారినెట్ పెట్టె తెచ్చిచ్చిన ఆయనకు

మొన్న రాజమండ్రిలో రైలు దిగాక చూసుకుంటే చేతిలో క్లారినెట్ పెట్టె లేదు. కాళ్లూ చేతులూ ఆడలేదు. 1984 నుంచి నాకు అన్నం పెట్టింది అదే. పెళ్లిళ్ల బ్యాండు మేళం, సినిమా పాటల ఆర్కెస్ట్రా, క్రిస్మస్‌కి చర్చి, తెల్లవార్లూ పద్యనాటకాలు. బ్యాండులో గట్టిగా ఊదితే చాలు. నాటకంలో మాత్రం నటుడు రాగం తీస్తుంటే మెత్తగా వెనకాలే వెళ్లాలి, ఎక్కడ ఆపుతాడో ఆయనకే తెలీదు!

మూత లోపల అంటించిన నంబరు చూసి ఫోన్ చేశారు మీరు. సామర్లకోటలో దిగి, తిరుగు బండెక్కి మరీ వచ్చారు. విడదీసి పెట్టిన క్లారినెట్ ఐదు ముక్కలూ భద్రం, గుడ్డలో చుట్టిన రీడ్లతో (ఊదేచోట బిగించే పల్చటి బద్దలు) సహా. పేరడిగితే నవ్వేశారు, టీ కూడా తాగలేదు. ఆ రాత్రి కచేరీకి అందుకున్నానండీ. చాలా థ్యాంక్స్.