సారు వచ్చారు, మేడం వచ్చింది

సంపాదకులకు నమస్కారం.

నేటి పిల్లలకు మర్యాదగా మాట్లాడడం రావడం లేదని, పెద్దవాళ్లను సైతం ‘నువ్వు’ అంటున్నారని ఇళ్లలోనూ, ఉపాధ్యాయుల గదుల్లోనూ తరచూ వినబడుతోంది. అందుకు సెల్‌ఫోన్‌నూ ఇంగ్లీషు మీడియం చదువునూ తిట్టి ఊరుకోవడం మనకు అలవాటైంది. విశాఖపట్నంలో చాలాకాలం తెలుగు పాఠాలు చెప్పినవాడిగా నాకు తోచేది వేరు. ఎవరితో ఏ తీరున మాట్లాడాలో మనం పిల్లలకు ఎన్నడూ పాఠంగా చెప్పలేదు. వింటూ వింటూ అదే పట్టుబడుతుందని వదిలేశాం. ఇప్పుడు ఆ వినడమే కరువైంది.

పసిపిల్లతో చుట్టూ ఉన్నవాళ్లందరూ ‘రా, తిను, కూర్చో’ అనే అంటారు. తనతో అన్న మాటలనే తిరిగి అనడం ద్వారా మాట నేర్చుకునే ఆ పిల్ల, తాతగారిని కూడా ‘రా, కూర్చో’ అనే పిలుస్తుంది. ‘రండి, కూర్చోండి’ అన్న మాట ఆమె చెవిన పడాలంటే ఇంటికి నలుగురూ వచ్చిపోతూ ఉండాలి, వాళ్లతో అమ్మానాన్నలు తెలుగులో మాట్లాడుతూ ఉండాలి. మధురవాడ వైపు లేచిన అపార్టుమెంట్లలో వచ్చిపోయేవాళ్లే తక్కువ. వచ్చినా సగం సంభాషణ ఇంగ్లీషులోనే నడుస్తుంది. ఆ భాషలో చిన్నకూ పెద్దకూ ఒకటే ‘యూ’. మనకైతే నువ్వు, మీరు, తమరు; వాడు, అతను, ఆయన, వారు అని మెట్లున్నాయి, మెట్టు మారినప్పుడు క్రియ కూడా దానితోపాటు మారాలి. ‘అంకుల్, మీరు ఎప్పుడు వచ్చావు?’ అని అడిగే పిల్లవాడిలో అమర్యాద ఏమీ లేదు. సగం పాఠమే వాడికి అందింది, అంతే.

అయితే ఈ పాఠం చెప్పబోయి ఇంటి మాటను తప్పుపట్టే పొరపాటు మన బడుల్లో ఇంకా జరుగుతూనే ఉంది. చోడవరం నుంచో భీమిలి నుంచో వచ్చిన పిల్లవాడు ‘ఏటి సారూ, ఇంటికెల్లిపోమంటారా?’ అని అడిగితే, ఉపాధ్యాయుడి చెవికి ‘ఏటి’ మాత్రమే వినబడుతుంది, మందలింపు పడుతుంది. ‘సారూ’ అన్న పిలుపులోనూ, ‘అంటారా’ అన్న క్రియలోనూ నిండుగా ఉన్న మన్నన ఆయనకు వినబడదు. యాస వేరు, మన్నన వేరు. వాడుక భాషకు బడిపుస్తకాల్లో చోటు కావాలని వందేళ్ల కిందట పోరాడిన గిడుగు రామమూర్తి (1863–1940), గురజాడ అప్పారావు (1862–1915) ఈ ఉత్తరాంధ్ర వారే. వారికి తోడు నిలిచిన పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఈ నగరంలోని ఏవీఎన్ కళాశాలకు ప్రిన్సిపాల్. ఆగస్టు 29న గిడుగు వారి పటానికి దండ వేసి, 30న ‘ఏటి’ అన్న పిల్లవాడిని నలుగురిలో నవ్వులపాలు చేయడం ఏం న్యాయమో నాకు బోధపడదు. ఇంట్లో అమ్మను ‘నువ్వు’ అనడం కూడా దిద్దవలసిన తప్పు కాదు; అది చనువు. ఆ చనువు గడప దాటాక ఎక్కడ ఆగాలో చెబితే చాలును.

ఇక మర్యాదగా మాట్లాడుతున్నామనుకునే చోట కూడా మనం గమనించని సంగతి ఒకటుంది. ఏ బడి వరండాలోనైనా కాసేపు నిలబడి వినండి: ‘లెక్కల సారు వచ్చారు, సైన్సు మేడం వచ్చింది’, ‘హెడ్‌మాస్టరు గారు పిలుస్తున్నారు, టీచరు పిలుస్తోంది’. ఇద్దరిదీ ఒకే చదువు, ఒకే జీతం, ఆయనకు మాత్రం బహువచనం. పిల్లలకు ఇది పుట్టుకతో వచ్చింది కాదు. ఉపాధ్యాయులు, కొన్నిసార్లు ఆ మేడమ్‌లు సైతం, అలాగే మాట్లాడుతుంటే విని నేర్చుకున్నదే. అలాగే అపార్టుమెంటు గేటు దగ్గర తాత వయసున్న కాపలాదారును, రైతుబజారులో నలభయ్యేళ్లుగా ఆకుకూరలు అమ్ముతున్న ఆమెను పదేళ్ల పిల్లలు ‘నువ్వు’ అంటుంటే పక్కనున్న తల్లిదండ్రులకు చీమ కుట్టినట్టయినా ఉండదు. అదే పిల్లవాడు నాన్నగారి ఆఫీసరును ‘నువ్వు’ అంటే మాత్రం ఇంటికెళ్లాక చీవాట్లు తప్పవు. వయసుకు ఇవ్వవలసిన మన్ననను హోదాకు ఇవ్వడం నేర్పితే అది భయభక్తులు నేర్పడమే అవుతుంది.

రాత విషయానికి వస్తే, లేఖారచన అంటే పరీక్షకు బట్టీపట్టే ఒక నమూనా అయిపోయింది. ఒకే సంగతిని ముగ్గురికి రాయించి చూడమని తోటి ఉపాధ్యాయులకు నా సూచన. వీధి దీపం వెలగడం లేదనుకుందాం. స్నేహితుడికైతే ‘ఒరేయ్, మా వీధిలో లైటు పోయి వారమైందిరా, ట్యూషన్‌కి టార్చి తెచ్చుకో’. పక్కింటి మామ్మగారికైతే ‘వీధిలైటు వెలగడం లేదండి, చీకటి పడ్డాక బయటికి రాకండి’. నగరపాలక సంస్థ కమిషనరుకైతే ‘మా వీధిలో దీపం వారం రోజులుగా వెలగడం లేదు. వృద్ధులు, పిల్లలు ఇబ్బంది పడుతున్నారు. తగిన చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాను’. ఇలా రాయించినప్పుడు మారేది గౌరవవాచకం ఒక్కటే కాదని, ఏ వివరం ఎవరికి అవసరమో కూడా మారుతుందని పిల్లలకు తెలుస్తుంది. ‘ప్రార్థిస్తున్నాను’, ‘తమ దయకు పాత్రుణ్ణి’ వంటి మాటలు మాత్రం అర్జీలోంచి తీసేయించాలి. పౌరుడు కమిషనరుకు రాసే లేఖలో మర్యాద ఉండాలి, సాగిలపడడం అక్కర్లేదు.

ఈ పాఠానికి వేరే పుస్తకం అవసరం లేదు, నిన్నటి దినపత్రిక చాలు. మొదటి పేజీలో మంత్రి ‘చెప్పారు’, మహిళా కలెక్టరు కూడా ‘చెప్పారు’. ఈ ఒక్క విషయంలో మన పత్రికలు బడుల కంటే మెరుగు. ఆటల పేజీలో ఎంత గొప్ప ఆటగాడైనా శతకం ‘చేశాడు’. అది అభిమానుల చనువు, అందులో అగౌరవం లేదు. పిల్లల చేత వీటి కింద గీతలు గీయించి, ఎక్కడ ఏ రూపం ఎందుకు వాడారో అడిగితే గంటసేపు తరగతి చక్కగా నడుస్తుంది. లోపలి పేజీల్లోని ప్రమాద వార్తలకు వచ్చేసరికి మాత్రం ఉపాధ్యాయుడికి చిక్కు వస్తుంది. అక్కడ నాయకుడైతే ‘మృతి చెందారు’, భవన నిర్మాణ కూలీ అయితే ‘మృతి చెందాడు’. ఇలా ఎందుకు రాశారని ఏ విద్యార్థి అయినా అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. మీ డెస్కు దగ్గర ఉంటే దయచేసి ఇదే శీర్షికలో ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
సీతమ్మధార, విశాఖపట్నం